సర్కారు పాత సామాను ఎలా అమ్ముతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఊరి గ్రంథాలయానికి బీరువాలు కావలసి వచ్చాయి. కొత్తవి కొనే స్తోమత లేక, ఒక ప్రభుత్వ కార్యాలయం వేలానికి పెట్టిన పాత ఇనుప బీరువాల కోసం పాట పాడాను. ప్రభుత్వం తన సామానును ఎలా వదిలించుకుంటుందో అప్పటివరకు నాకూ తెలియదు. ఆ తరువాత తెలిసినవాళ్లంతా నన్నే అడగడం మొదలుపెట్టారు. తుక్కు వ్యాపారం పెట్టాలనుకునే కుర్రవాళ్లు, బడికి బల్లలు వెతుకుతున్న ఉపాధ్యాయులు, పోలీసు స్టేషన్లో తమ బండి తుప్పు పడుతోందని బాధపడేవాళ్లు అడిగిన ప్రశ్నలే ఇవి. అన్యాయమంతా పాట దగ్గరే జరుగుతుందని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో ప్రజల సొమ్ము పాటకు చాలా ముందే కారిపోతుంది. వస్తువు ఎండకు ఎండి వానకు తడిసే ఏళ్లలో కొంత, లాట్లు (ఒక్కో పాటకు కలిపి పెట్టే సామాను) కట్టే తీరులో కొంత, ప్రకటన ఎవరి కంటా పడని చోట వేయడంలో కొంత పోతుంది.

మిగులు ఆస్తి అంటే పాడైపోయిన సామానేనా?

కాదు. కేంద్ర ప్రభుత్వ శాఖలు పాటించే సాధారణ ఆర్థిక నియమావళి (2017) మూడు మాటలు వాడుతుంది: మిగులు, కాలం చెల్లినది, పనికిరానిది. అవసరానికి మించి కొన్న పది కొత్త కుర్చీలు మిగులు. పనిచేస్తూనే ఉన్నా ఇప్పుడు ఎవరూ వాడని టైపు మిషను కాలం చెల్లినది. ఇంజను బిగుసుకుపోయిన జీపు పనికిరానిది. మూడింటినీ ఒకే పద్ధతిలో అమ్మవచ్చు గాని వాటి విలువ ఒకటి కాదు. మంచి కుర్చీలను విరిగిన కుర్చీలతో కలిపి తుక్కు కింద తూకానికి అమ్మితే ఖజానాకు నష్టం.

రాష్ట్ర ప్రభుత్వాలకు తమ ఆర్థిక నియమావళులు ఉన్నాయి. ఆర్టీసీ, విద్యుత్ సంస్థల వంటివి సొంత నిబంధనలు పెట్టుకుంటాయి. వివరాల్లో తేడాలున్నా నడక మాత్రం దాదాపు ఒకటే. కింద నేను చెప్పే నియమాలు ప్రధానంగా కేంద్ర నియమావళిలోనివి.

ఒక వస్తువు ఇక అక్కరలేదని ఎవరు తేలుస్తారు?

ఆ అధికారం ఉన్న అధికారి. ఎందుకు అక్కరలేదో కారణాలు రాసి పెట్టాలి. కావాలనుకుంటే ఒక కమిటీ వేసుకోవచ్చు. పుస్తకాల్లో ఉన్న విలువ, మార్గదర్శక ధర, కనీస ధర లెక్కకట్టాలి. పుస్తక విలువ తేలకపోతే కొన్ననాటి ధరను ఆధారంగా తీసుకోవచ్చు. ఇదంతా 10వ నంబరు నమూనా పత్రంలోకి ఎక్కాలి.

ఒక్క కాగితమే కదా అనిపిస్తుంది. కాని అన్నిటికన్నా బరువైన నిర్ణయం అదే. ఆ కాగితం మీద ‘పనికిరానిది’ అని రాసిన క్షణంలో ఒక ప్రజా ఆస్తి తుక్కు అవుతుంది. ఉద్యోగి నిర్లక్ష్యం వల్లనో, మోసం వల్లనో వస్తువు పాడైతే బాధ్యత ఎవరిదో తేల్చాలని కూడా అదే నియమం చెబుతుంది. ఈ రెండో భాగాన్ని చాలా కార్యాలయాలు మరచిపోతాయి.

మరి కార్యాలయాల ఆవరణల్లో జీపులు ఏళ్ల తరబడి ఎందుకు పడి ఉంటాయి?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. నాకు ఎక్కువ బాధ కలిగించేదీ ఇదే. ఒక కార్యాలయం వెనుక పెరట్లో బానెట్ చీల్చుకుని వేపమొక్క ఎదిగిన జీపును చూశాను. టైర్లు మట్టిలో కూరుకుపోయాయి, సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. ఆ జీపు అక్కడికి నడుచుకుంటూ వచ్చిందే. ఆ ఏడాదే అమ్మి ఉంటే కొన్నవాడు నడుపుకునేవాడు. చివరికి కాటా మీద ఇనుముగా వెళ్లింది.

కారణాలు చాలా ఉన్నాయి. మొదటిది భయం. అమ్మకుండా వదిలేసిన అధికారిని ఎవరూ అడగరు. అమ్మిన అధికారిని మాత్రం ‘ఇంత తక్కువకు ఎందుకు ఇచ్చావు’ అని ఆడిటువాళ్లు అడుగుతారు. అందుకని ఫైలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకు మారుతూనే ఉంటుంది, ఈలోగా అధికారి బదిలీ అవుతాడు. రెండోది, రిజిస్టరుకూ గదిలో ఉన్న సామానుకూ లెక్క కుదరదు. పుస్తకంలో నలభై కుర్చీలు, గదిలో ముప్పై మూడు. అమ్మకానికి పెట్టాలంటే ఆ ఏడింటి సంగతి ముందు తేలాలి, కనుక ఎవరూ ఆ తలుపు తెరవరు. మూడోది, వాహనమైతే ఇంజనీరు నివేదిక కావాలి, యంత్రమైతే సాంకేతిక ధ్రువీకరణ కావాలి. ఆ సంతకం కోసం జిల్లా కేంద్రానికి తిరగాలి.

నియమావళి మాత్రం ఈ భయానికి తావివ్వలేదు. చిన్న విలువ సామాను విషయంలో, వస్తువులు పేరుకుపోయి స్థలం ఆక్రమించకుండా, విలువ క్షీణించకుండా చూసుకుని అమ్మే పద్ధతి ఎంచుకోమని స్పష్టంగా రాసి ఉంది. ఆలస్యం కూడా నష్టమేనని నియమమే ఒప్పుకుంటోంది. 2021 నుంచి కేంద్ర శాఖలు ఏటా అక్టోబరు 2 నుంచి 31 వరకు ప్రత్యేక శుభ్రతా కార్యక్రమం నడుపుతున్నాయి. పాత ఫైళ్లు తీసేయడం, తుక్కు అమ్మడం అందులో ముఖ్యమైన పని. మంచి పనే. ఏడాదికి ఒక్క నెలకే పరిమితం కాకుండా ఉంటే ఇంకా సంతోషిస్తాను.

అమ్మే పద్ధతులు ఎన్ని?

వస్తువుకు ఇంకా మిగిలి ఉందని అంచనా వేసిన విలువ 2 లక్షల రూపాయలకు మించితే ప్రకటించిన టెండరు ద్వారా గాని, బహిరంగ వేలం ద్వారా గాని అమ్మాలి. అంతకు లోపైతే పద్ధతిని అధికారి నిర్ణయిస్తాడు. టెండరులో ముందుగా కట్టే ధరావతు (డిపాజిట్టు) అంచనా ధరలో లేదా కనీస ధరలో 10 శాతం. ఎదురెదురుగా జరిగే వేలంలో హెచ్చుపాట పాడినవాడు పాట మొత్తంలో కనీసం 25 శాతం అక్కడికక్కడే కట్టాలి. పూర్తి సొమ్ము చేతికి రానిదే సరుకు గేటు దాటకూడదు.

రెండు పద్ధతుల్లోనూ అమ్ముడుపోని వస్తువును ఆర్థిక విభాగాన్ని సంప్రదించి, పై అధికారి అనుమతితో తుక్కు ధరకు ఇవ్వవచ్చు. ఆ ధరకూ పోకపోతే పర్యావరణానికి హాని లేకుండా ధ్వంసం చేయవచ్చు. గడువు దాటిన మందులు, పాడైన ధాన్యం, మందుగుండు వంటివి అసలు అమ్మకానికే రాకూడదు. వాటిని వెంటనే నాశనం చేయాలి. రసీదు పుస్తకాలు, స్టాంపుల వంటి సున్నితమైన వాటికీ అంతే.

ఎంఎస్‌టీసీ పేరు తరచుగా వినిపిస్తుంది. అది ఏమిటి?

కేంద్ర ఉక్కు శాఖ కింద పనిచేసే సంస్థ. 1964లో లోహపు తుక్కు వ్యాపారం కోసం పుట్టింది. కేంద్ర కార్యాలయం కోల్‌కతాలో ఉంది, హైదరాబాద్, విశాఖపట్నంలలోనూ కార్యాలయాలు ఉన్నాయి. ఇప్పుడు దాని ప్రధాన వృత్తి ఆన్‌లైన్ వేలం. పాత మోటార్ల నుంచి యుద్ధనౌకల వరకు, కోకాపేట భూముల నుంచి ఎర్రచందనం దుంగల వరకు ఆ తెర మీద అమ్ముడయ్యాయి. అమ్మేది ఎంఎస్‌టీసీ కాదని గుర్తుంచుకోండి. వస్తువు యజమాని ఆ శాఖే, ఎంఎస్‌టీసీ వేలం వేదిక మాత్రమే. సరుకు అప్పగించడంలో గొడవ వస్తే ముందు నిలదీయవలసింది శాఖనే.

ప్రభుత్వ కొనుగోళ్లకు 2016లో వచ్చిన జెమ్ పోర్టల్‌లోనూ ఇప్పుడు అమ్మకపు వేలాలు జరుగుతున్నాయి. రైల్వేకు ఐరెప్స్ అనే సొంత వేదిక ఉంది. ఒకప్పుడు ఈ పని చూసిన కేంద్ర సరఫరాలు, విక్రయాల డైరెక్టరేట్ 2017 అక్టోబరు 31న మూతపడింది.

నేను వ్యాపారిని కాను. పాట పాడవచ్చా?

చాలా లాట్లలో పాడవచ్చు. పాన్, చిరునామా, బ్యాంకు వివరాలతో ముందు నమోదు చేసుకోవాలి. కొన్ని వేలాలకు డిజిటల్ సంతకం కావాలి. జీఎస్టీ నంబరు అడిగే లాట్లు కొన్ని, లైసెన్సు ఉన్నవాళ్లకే పరిమితమైనవి కొన్ని ఉంటాయి.

నా అనుభవం చెబుతాను. కేటలాగ్‌లో ‘పాత ఫర్నిచరు, ఒక లాటు’ అని మాత్రమే ఉంది. చూడటానికి ఇచ్చిన రెండు రోజుల్లో మొదటి రోజే వెళ్లాను. పన్నెండు బీరువాలు, వాటితో పాటు విరిగిన కుర్చీల గుట్ట. నాకు బీరువాలే కావాలి, కాని లాటు మొత్తం ఎత్తుకోవలసిందే. నాలుగు బీరువాలకు తాళంచెవులు లేవు, ఒకదాని అడుగును తుప్పు పూర్తిగా తినేసింది. ఇంటికి వచ్చి లెక్క వేసుకున్నాను: లారీ కిరాయి, కూలీలు, తాళాల మరమ్మతు, రంగు, పన్నులు. అప్పుడే నా పైమొత్తం ఎంతో తేలింది. దాన్ని కాగితం మీద రాసుకుని పాటకు కూర్చున్నాను. ఆ కాగితమే లేకపోతే చివరి పది నిమిషాల వేడిలో ఎక్కడి దాకా వెళ్లేవాడినో!

కుర్చీల గుట్టను ఎవరైనా తుక్కు వ్యాపారి సంతోషంగా కొనేవాడు, బీరువాలను ఏ బడివాళ్లో తీసుకునేవాళ్లు. రెంటినీ కలిపి కట్టడం వల్ల ఇద్దరూ రాలేదు. వేర్వేరు లాట్లుగా పెట్టి ఉంటే ఆ కార్యాలయానికి నా దగ్గర వచ్చిన దానికన్నా ఎక్కువే వచ్చేది. లాటు కట్టేవాడికి సామాను మీద గౌరవం ఉండాలి.

‘ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోటనే’ అంటే?

హామీ ఏదీ లేదని అర్థం. లోపల మోటారు ఉందనుకుని కొన్న పంపుసెట్టులో అది లేకపోతే మీరు చూసుకోకపోవడమే. అందుకే చూడకుండా పాడకండి. సరుకు ఉన్నచోటు నుంచి ఎత్తుకెళ్లే ఖర్చూ మీదే. గడువు దాటితే రోజుకు ఇంతని స్థలం అద్దె పడుతుంది, ఇంకా ఆలస్యమైతే ధరావతు పోతుంది.

సర్కారువారి పాట ఎంత అన్నది ముందే తెలుస్తుందా?

పాతకాలపు వేలాల్లో గుమాస్తా నిలబడి ‘సర్కారువారి పాట ఇంత’ అని పిలిచి మొదలుపెట్టేవాడు. ఆన్‌లైన్ తుక్కు వేలాల్లో కనీస ధరను సాధారణంగా గోప్యంగా ఉంచుతారు. మీ పాట ఆ ధరకు చేరితే అమ్మకం ఖాయం. చేరకపోతే, పోటీలో మీదే హెచ్చుపాట అయినా, ‘ఆమోదానికి లోబడి’ అని చూపిస్తుంది. ఇవ్వాలా వద్దా అన్నది శాఖ ఇష్టం. భూముల వేలంలో మాత్రం కనీస ధరను ముందే ప్రకటిస్తారు.

హెచ్చుపాట నాదే. అయినా ‘ఆమోదం రాలేదు’ అన్నారు. ఇది న్యాయమేనా?

న్యాయమే కావచ్చు. ధర నచ్చకపోతే శాఖ తిరస్కరించవచ్చు. టెండరులో అయితే ఎక్కువ ధర రాసినవాడితో మాత్రమే బేరమాడాలని, అతను దిగిరాకపోతేనే తగిన ధరను తరువాతి వారి ముందు పెట్టాలని నియమం. మీ ధరావతు మాత్రం తిరిగి రావాలి. ఎన్ని రోజుల్లో అన్నది వేలం షరతుల్లో రాసి ఉంటుంది. పాడే ముందు చదవవలసిన మొదటి పేజీ అదే.

ఒక జాగ్రత్త. ముగింపు సమయానికి కొన్ని నిమిషాల ముందు ఎవరైనా పాట పెంచితే గడువు తనంతట తానే పెరుగుతుంది. చివరి క్షణంలో దూరి ఎగరేసుకుపోదామనే ఎత్తు ఇక్కడ పారదు. పన్నులు కూడా పాట ధరకు అదనం: జీఎస్టీ, తుక్కు మీద మూలంలో వసూలు చేసే ఆదాయపు పన్ను. అవి కలపకుండా లెక్క వేసి చేతులు కాల్చుకున్నవాళ్లు నాకు తెలుసు.

ప్రభుత్వ జీపునో, పాత ఆర్టీసీ బస్సునో కొని నడుపుకోవచ్చా?

పదిహేనేళ్లు దాటినదైతే కుదరదు. 2023 జనవరిలో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, పురపాలక సంస్థలు, ప్రభుత్వ రంగ సంస్థలు, రాష్ట్ర రవాణా సంస్థల వాహనాలకు పదిహేనేళ్ల తరువాత రిజిస్ట్రేషన్ కొనసాగదు. ఇది 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. దేశ రక్షణ, శాంతిభద్రతల కోసం వాడే ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఉంది. పదిహేనేళ్లు దాటిన మిగతా ప్రభుత్వ వాహనాలు నమోదైన తుక్కు కేంద్రానికే వెళ్లాలి. వాటి వేలంలో ఆ కేంద్రాలవారే పాడతారు.

పాత జీపును కొని బాగు చేయించుకుని ఏజెన్సీ గ్రామాల దారుల్లో నడిపేవాళ్ల గురించి విన్నాం. ఆ దారి మూసుకుపోయింది. పొగ తగ్గుతుంది కనుక నాకు అభ్యంతరం లేదు. కాని దీనివల్ల ఆలస్యం ఖరీదు ఇంకా పెరిగింది. పన్నెండో ఏట నడిచే స్థితిలో అమ్మవలసిన బండిని పదహారో ఏటి దాకా పెరట్లో ఉంచితే, ఇక దానికి ఇనుము ధర తప్ప మరొకటి రాదు. పదిహేనేళ్లలోపు వాహనం వేలానికి వస్తే రిజిస్ట్రేషన్ పత్రం ఇస్తారో లేదో కేటలాగ్‌లో చూడండి. అది రాసి లేకపోతే నడిపే బండిగా లెక్క వేయకండి.

పాత కంప్యూటర్లు, బ్యాటరీలు?

నమోదైన రీసైక్లర్లకే, లేదా బాగుచేసి తిరిగి వాడుకలోకి తెచ్చే నమోదిత సంస్థలకే ఇవ్వాలి. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాలు (2022) ప్రభుత్వ కార్యాలయాలకూ వర్తిస్తాయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. బ్యాటరీలకు, వాడిన నూనెకు వేరే నియమాలు ఉన్నా సారం అదే. అనుమతి లేని చోట బ్యాటరీ పగలగొట్టి సీసం కరిగిస్తే ఆ పొగ పీల్చేది చుట్టుపక్కల పిల్లలు. ఇక్కడ ఎక్కువ ధర వచ్చిందా అన్నది రెండో ప్రశ్న.

కంప్యూటరు ఇచ్చే ముందు హార్డ్ డిస్కును పూర్తిగా తుడిచేయాలి. మన ఆధార్ నంబర్లు, పింఛను దరఖాస్తులు అందులో ఉంటాయి.

రైల్వే తుక్కు కొనడంలో ప్రత్యేకత ఏమిటి?

పరిమాణం. పట్టాలు, చక్రాలు, ఇరుసులు, పాత పెట్టెలు టన్నుల లెక్కన వస్తాయి. లాలాగూడ వంటి స్టోర్స్ డిపోల్లో లాట్లు చూడవచ్చు. కొత్తగా కొనేవాళ్లకు ఒకే ఒక్క మాట చెబుతాను: అప్పగింత కాగితాలను ప్రాణంలా దాచుకోండి. రైల్వే ఆస్తి చట్టవిరుద్ధ స్వాధీనం చట్టం (1966) కింద, దొంగసొత్తని అనుమానం కలిగే రైల్వే సామాను మీ దగ్గర దొరికితే, అది న్యాయంగా వచ్చిందని చూపవలసింది మీరే. మొదటి నేరానికే ఐదేళ్ల వరకు జైలు. డబ్బు కట్టి కొన్నవాడు రసీదు పోగొట్టుకుని ఠాణాల చుట్టూ తిరగడం ఎంత అన్యాయం!

పోలీసు స్టేషన్ల ముందు పడి ఉన్న బండ్ల సంగతి?

అవి రెండు రకాలు. కేసుకు సంబంధించినవి ఒకటి, యజమాని తెలియనివి మరొకటి. కేసు బండ్లను తీర్పు దాకా ఎండలో ఉంచనక్కరలేదని, తగిన పూచీకత్తు మీద యజమానికి ఇవ్వవచ్చని, ఫోటోలు, పంచనామా సాక్ష్యంగా సరిపోతాయని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 497వ సెక్షను గడువులు కూడా పెట్టింది: సొత్తు కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లో వివరణ పత్రం, ఆ తరువాత 30 రోజుల్లో దాన్ని ఏం చేయాలో ఉత్తర్వు. మీ బండి కేసులో ఉంటే వకీలుతో ఈ సెక్షను కింద దరఖాస్తు వేయించండి. ఎదురుచూస్తూ కూర్చోకండి.

యజమాని తెలియని వాహనాల విషయంలో హైదరాబాద్ చుట్టుపక్కల కమిషనరేట్లు జాబితా ప్రకటించి, ఆరు నెలల్లో హక్కు చూపించమని కోరతాయి. ఎవరూ రాకపోతే వేలం వేస్తాయి. బండి పోయినవాళ్లు ఆ జాబితాను ఒకసారి చూడటం మంచిది.

ఎర్రచందనం కూడా మిగులు ఆస్తేనా?

కాదు, అది పట్టుబడిన సొత్తు. కాని అమ్మే వేదిక ఒకటే కనుక ఈ ప్రశ్న వస్తుంది. ఎర్రచందనం అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందపు రక్షణలో ఉన్న చెట్టు, మామూలుగా ఎగుమతి నిషిద్ధం. పట్టుబడిన దుంగలను ఎగుమతి కోసం అమ్మడానికి కేంద్రం ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక అనుమతి ఇస్తుంది. 2014 నుంచి అటవీ శాఖ ఎంఎస్‌టీసీ ద్వారా విడతలుగా అమ్ముతోంది. శేషాచలం కొండల్లో తప్ప సహజంగా ఎక్కువగా పెరగని చెట్టు అది. గోదాముల్లో గుట్టలు చూసి ఆదాయం అనుకునే ముందు, ప్రతి దుంగా నరికేసిన ఒక చెట్టే కదా అని నాకు గుర్తొస్తుంది.

‘రింగు’ అయ్యారంటారు. అది ఏమిటి?

పాటదారులు ముందే కూడబలుక్కుని ఒకరినే పాడనివ్వడం, మిగతావాళ్లు ఆ తరువాత లోపాయికారీగా వాటాలు పంచుకోవడం. బహిరంగ వేలాల్లో ఇది పాత జబ్బు. కొత్తగా వచ్చినవాణ్ణి గేటు దగ్గరే బెదిరించి పంపేవాళ్లు. ఆన్‌లైన్ వచ్చాక ఎదుటివాడి ముఖం కనబడదు కనుక తగ్గింది, పోలేదు. చూడటానికి వెళ్లినరోజు యార్డులో ఎవరెవరు వచ్చారో అందరికీ తెలుస్తుంది.

పోటీ చట్టం మూడో సెక్షను దీన్ని నిషేధించింది. ప్రభుత్వాధికారి జరిపే అమ్మకాన్ని కావాలని అడ్డుకోవడం భారతీయ న్యాయ సంహిత (నేరాలకు శిక్షలు చెప్పే చట్టం) 219వ సెక్షను కింద నేరం. కాని అసలైన మందు విస్తృత ప్రకటన. ఇద్దరు చూసే నోటీసు బోర్డు మీద అంటించిన ప్రకటనకు ఇద్దరే వస్తారు, ఆ ఇద్దరూ ఒకటైపోవడం ఎంతసేపు?

ఆ శాఖ ఉద్యోగి పాడవచ్చా?

చట్టం ఏ ఆస్తిని కొనకూడదని ఉద్యోగిని నిషేధించిందో, దాన్ని తన పేరు మీద గాని, బినామీ పేరు మీద గాని కొన్నా, పాడినా నేరం. న్యాయ సంహిత 203వ సెక్షను కింద రెండేళ్ల వరకు శిక్ష ఉంది, కొన్న ఆస్తినీ జప్తు చేస్తారు.

అమ్మకుండా మరొకరికి ఇచ్చే వీలు లేదా?

ఉంది, అందుకు మంచి ఉదాహరణ మన విశాఖలోనే ఉంది. 2001లో నౌకాదళం విధుల నుంచి తప్పించిన ఐఎన్ఎస్ కురుసురా జలాంతర్గామిని తుక్కు చేయకుండా ఆర్.కె. బీచ్‌కు లాగి తెచ్చి, 2002లో ప్రదర్శనశాలగా తెరిచారు. పిల్లలు వరుస కట్టి, తలలు వంచుకుని, ఆ ఇరుకు గదుల్లోంచి నడిచి వస్తారు. దానికి కట్టగల తుక్కు ధర ఎంత?

విమానవాహక నౌక ఐఎన్ఎస్ విరాట్‌కు ఆ అదృష్టం దక్కలేదు. 2017లో విధుల నుంచి తప్పుకుంది. ప్రదర్శనశాలగా మార్చే ప్రతిపాదనలు వచ్చాయి, ఆంధ్రప్రదేశ్ కూడా ఆసక్తి చూపింది. ఖర్చు భారీ కావడంతో ఏదీ నిలబడలేదు. 2020లో వేలంలో 38.54 కోట్ల రూపాయలకు అమ్ముడై గుజరాత్‌లోని అలంగ్ తీరానికి చేరింది. ప్రతి నౌకనూ దాచుకోలేం, ఆ మాట నిజమే. అయినా ఇలాంటి నిర్ణయానికి కావలసిన వ్యవధి ఉండాలి. నౌక విధులు ముగిసే ముందే ఆ ఆలోచన మొదలు కావాలి, రేవులో నిలిపి రోజువారీ ఖర్చు పెరుగుతున్నప్పుడు కాదు.

చిన్న స్థాయిలో, ఒక శాఖకు అక్కరలేని బల్లలు మరో శాఖ బడికి ఇవ్వడం సర్వసాధారణం. వేలానికి ముందే పక్క కార్యాలయాలను అడిగే అలవాటు అన్నిచోట్లా ఉంటే ఎన్నో బడులకు బల్లలు దొరికేవి.

భూములనూ ఇలాగే అమ్ముతారా?

వేదిక అదే కావచ్చు, కాని భూమిని కుర్చీతో పోల్చకూడదు. కుర్చీ పోతే మళ్లీ కొనుక్కోవచ్చు.

హైదరాబాద్ పశ్చిమాన కోకాపేటలో హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) 2021 జూలైలో దాదాపు 50 ఎకరాలు వేలం వేసినప్పుడు కనీస ధర ఎకరా 25 కోట్లు, వచ్చిన మొత్తం సుమారు 2,000 కోట్లు. 2023 ఆగస్టులో 45.33 ఎకరాలకు కనీస ధర ఎకరా 35 కోట్లు. ఒక ప్లాటు ఎకరా 100.75 కోట్లకు వెళ్లింది, మొత్తం 3,319.60 కోట్లు వచ్చాయి. ధర రాబట్టడంలో బహిరంగ వేలానికి ఉన్న శక్తికి ఇది సాక్ష్యం. ఇదే భూమిని వేలం లేకుండా నామినేషన్ మీద ఎవరికో కట్టబెట్టి ఉంటే ఆ అంకె ఎక్కడ ఆగేదో ఊహించుకోండి.

అయితే వేలం ఒక్కటే మార్గమని రాజ్యాంగం చెప్పలేదని, ప్రజాప్రయోజనమే గీటురాయి అని సుప్రీంకోర్టు 2012లో, రాష్ట్రపతి సలహా కోరినప్పుడు ఇచ్చిన జవాబులో చెప్పింది. ఆసుపత్రికో, బడికో తక్కువ ధరకు ఇవ్వవచ్చు, కాని కారణం నిలబడాలి. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల దగ్గరున్న అదనపు భూములను సొమ్ము చేసుకోవడం కోసం 2022 మార్చిలో జాతీయ భూ నగదీకరణ సంస్థకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అప్పటికి ఆ సంస్థలు చూపించిన భూమి సుమారు 3,400 ఎకరాలు.

భూమి దగ్గర అసలు ప్రశ్న ధర గురించి కాదు, ‘మిగులు’ అన్న మాట గురించే. కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలు ప్రభుత్వ రికార్డుల్లో అభివృద్ధి చేసి వేలం వేయవలసిన స్థలం. పక్కనే ఉన్న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం విద్యార్థులకు అది అడవి, నెమళ్లకు, జింకలకు ఇల్లు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కలగజేసుకుని చెట్ల నరికివేతను ఆపవలసి వచ్చింది. గ్రామాల్లో చెరువు శిఖాలు (చెరువు నీరు నిలిచే నేలలు), పశువుల మేత పోరంబోకులు కూడా ఇలాగే ‘ఖాళీ’గా కనిపిస్తాయి. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. కాగితం మీద ఖాళీగా ఉన్నంత మాత్రాన ఆ నేల ఎవరికీ అక్కరలేనిది కాదు. ఆ నిర్ణయం తీసుకునే ముందు అక్కడికి వెళ్లి చూడాలి, ఊరివాళ్లను అడగాలి.

వచ్చిన డబ్బు ఎక్కడికి పోతుంది?

శాఖల అమ్మకాల సొమ్ము కేంద్రానిదైతే కేంద్ర సంచిత నిధికి, రాష్ట్రానిదైతే రాష్ట్ర సంచిత నిధికి చేరాలి. కార్యాలయం దాన్ని తన దగ్గరే ఖర్చు పెట్టుకోకూడదు. కార్పొరేషన్లు, ఆర్టీసీ వంటి సంస్థల సొమ్ము వాటి ఖాతాలకే వెళుతుంది.

మిలిటరీ బండ్లు, కస్టమ్స్ ఫోన్లు చవకగా ఇస్తామని వచ్చే సందేశాలను నమ్మవచ్చా?

నమ్మకండి. సైనిక దుస్తుల్లో ఫోటో పెట్టి, బుల్లెట్ బండి ముప్పై వేలకే అని, ముందు రవాణా ఖర్చు పంపమని అడిగితే అది దగా. ప్రభుత్వ వేలంలో ధర ముందే ఖరారు కాదు. డబ్బు ఏ వ్యక్తి ఫోను నంబరుకూ పంపనక్కరలేదు. వస్తువు చూసే రోజులు ప్రకటనలోనే ఉంటాయి. ఈ మూడింటిలో ఒక్కటి తేడా ఉన్నా అక్కడే ఆగిపోండి. సైటు చిరునామాను మీరే టైపు చేసి తెరవండి, వచ్చిన లింకు నొక్కకండి.

మా ఊరి కార్యాలయంలో జరిగిన అమ్మకంపై అనుమానం ఉంది. ఏం అడగాలి?

సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ‘అవినీతి జరిగిందా’ అని అడిగితే ఏ జవాబూ రాదు. కాగితాల పేర్లు పెట్టి అడగండి. వస్తువును పనికిరానిదిగా తేల్చిన నివేదిక, అందులో రాసిన కారణాలు, కనీస ధరను లెక్కకట్టిన కాగితం, ప్రకటన ఏ తేదీన ఎక్కడ వేశారో దాని ప్రతి, పాడినవారి సంఖ్య, హెచ్చుపాట, అమ్మకపు లెక్క చూపే 11వ నంబరు పత్రం లేదా రాష్ట్రంలో దానికి సమానమైనది.

చివరగా మరో రెండు అడగండి. సరుకు బయటికి వెళ్లిన రోజు గేటు పాసులు, వాటికి జతగా ఉండవలసిన కాటా చీటీలు. గేటు పాసులో లారీ నంబరు, సమయం ఉంటాయి. కాటా చీటీలో ఖాళీ లారీ బరువు, నిండు లారీ బరువు ఉంటాయి. ఐదు టన్నులకు డబ్బు కట్టించుకున్న చోట ఎన్ని లారీలు ఎన్నిసార్లు తిరిగాయో ఆ రెండు చీటీలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.